నక్కబావ గంట ఎందుకు మోగలేదు

ఏడుమడుగుల అడవిలో జంతువులన్నీ కలిసి ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాయి. ఏ మడుగులో నీళ్లున్నాయి, ఏ మడుగులో మొసలి తేలింది అన్న కబుర్లన్నీ అందులో వచ్చేవి. మడుగు ఒడ్డున కొమ్మ మీద కూర్చునే లకుముకి పిట్ట ఆ వార్తలు రాసేది. సైటు బాగోగులు ఉడుము మామ చూసుకునేవాడు.

అంతా బాగానే ఉంది గానీ, దాహం వేసినవాళ్లు నీళ్లకేసి పరుగెత్తుతారా, ఆగి ఫోనులో వార్తలు చదువుతారా? దుప్పి వదిన కూన ఆ వేసవిలోనే మొసలి నోటి దాకా వెళ్లి బయటపడింది.

"రాస్తే చాలదు మామా, వినపడాలి," అంది దుప్పి వదిన. "మొసలి తేలగానే అందరి ఫోన్లూ గణగణమనాలి. మన సైటుకు అది చేతనవుతుందా?"

"ఇప్పుడున్నట్టుగా అయితే చేతకాదమ్మా. మనమే కొంత కోడు రాసి చేర్చుకోవాలి."

"అదెంత పని! నేను రాస్తాగా," అంటూ తోక విసురుకుంటూ వచ్చాడు నక్కబావ.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ సైటు నడిచేది రెడీమేడ్ సాఫ్ట్‌వేరు మీద. ఎక్కడో ఎవరో తయారుచేసి ఇచ్చింది. అద్దె ఇల్లనుకోండి. గోడలు ఇంటివాళ్లవి. అప్పుడప్పుడు వాళ్లే పాత గోడ తీసేసి కొత్తది కడతారు. దాన్ని అప్‌డేట్ అంటారు. అద్దెకున్నవాళ్ల సామానుకు మాత్రం విడిగా ఒక గది వదిలిపెట్టారు. ఆ గదిలో పెట్టుకునే సొంత కోడు పేరు ప్లగిన్. గోడలు ఎన్నిసార్లు మారినా ఆ గది జోలికి ఎవరూ రారు. అర్థమైంది కదా? ఇక పదండి.

"బావా, ప్లగిన్‌గానే రాస్తున్నావు కదూ?" అడిగాడు ఉడుము మామ.

"ప్లగినా! దానికో పేరు పెట్టాలి, ఫోల్డరు పెట్టాలి, తీసుకెళ్లి సైటుకు పరిచయం చెయ్యాలి. ఏం, పెళ్లిచూపులా? సాఫ్ట్‌వేరు వాళ్ల అసలు ఫైలే తెరిచాను, మధ్యలో నా కోడు దూర్చాను. అయిపోయింది."

"మరి అప్‌డేట్ వస్తే?"

"వచ్చినప్పుడు చూద్దాంలే మామా! నీ ప్లగిన్ పూర్తయ్యేలోపు ఆ మొసలికి పళ్లూడిపోతాయి. లకుముకీ, ఇదిగో గంట మీట, నొక్కి చూడు!"

లకుముకి మీట నొక్కింది. అడవంతా గణగణమంది. కోతులు ఈలలు వేశాయి. దుప్పి వదిన కూనను నాకుతూ, "నీ మేలు మరిచిపోను బావా," అంది.

ఆ మాటతో నక్కబావ నేల మీద నడవడం మానేశాడు. సైటు మొదట్లోనే తన ఫొటో పెట్టుకుని, కింద "గంట సృష్టికర్త" అని రాసుకున్నాడు. అయితే ఫొటో వేలిగోరంత వచ్చింది. తోక అసలు కనిపించనే లేదు. సరిగ్గా అప్పుడే తెర మీద, "కొత్త వెర్షన్ సిద్ధం, ఇక పెద్ద ఫొటోలు పెట్టుకోవచ్చు," అని మెరిసింది. ఉడుము మామ బండ మీద ఎండకు కునుకు తీస్తున్నాడు. పిలిస్తే ఏదో ఒక వంక పెడతాడని నక్కబావే అప్‌డేట్ నొక్కేశాడు. "పాత ఫైళ్ల స్థానంలో కొత్తవి వస్తాయి, సరేనా?" అని కూడా అడిగింది తెర. చదివితే కదా! సరే అన్నాడు.

ఫొటో పెద్దదైంది. తోక నిండుగా వచ్చింది. చూసుకుని చూసుకుని గొంతెండింది. నీళ్లకు బయలుదేరాడు. వెనకే దుప్పి వదిన, ఆమె వెనకే కూన.

మడుగులో మొసలి తేలింది. లకుముకి మీట నొక్కింది. ఒక్క ఫోనూ మోగలేదు. మళ్లీ నొక్కింది. లాభం లేక గొంతు చించుకుని అరిచింది: "ఆగండి! మొసలి! మొసలి!"

దుప్పి వదిన చటుక్కున ఆగి కూనకు అడ్డం నిలబడింది.

నక్కబావ మాత్రం నవ్వాడు. "గంట మోగందే మొసలెక్కడిదే? నా కోడు కన్నా నీ కళ్లు గొప్పవా?" అంటూ వంగి నీళ్లు తాగి, దర్జాగా వెనక్కి తిరిగాడు.

"బావా, నీ ఫొటో చూశాను," అంది మొసలి నీళ్లలోంచి. "అందులో తోక మరీ బాగా వచ్చింది."

కటుక్కుమంది. నక్కబావ ఒడ్డెక్కాడు గానీ, తోకలో సగం రాలేదు.

కేకలకు ఉడుము మామ లేచి వచ్చాడు. సైటు తెరిచి చూసి, "గోడలో దాచావు, గోడతోపాటే పోయింది," అన్నాడు. "కోడు మంచిదే బావా. చోటే తప్పు. ఇంకో కాపీ ఉందా?"

"నా తోకకుందా కాపీ?" అని మూలిగాడు నక్కబావ.

ఆ సాయంత్రం నక్కబావ మామ పక్కన కూర్చుని అదే గంటను ప్లగిన్‌గా మళ్లీ రాశాడు. మామ కావాలనే అప్‌డేట్ నొక్కించాడు. లకుముకి మీట నొక్కింది. అడవంతా గణగణమంది. కూన ఉలిక్కిపడి తల్లి పొట్ట కిందికి దూరింది.

నక్కబావ ఫొటోను ఎవరూ తీసెయ్యలేదు. కాకపోతే కోతులు దారిలో ఆపి మరీ అడుగుతుంటాయి: "సైటులో నిండు తోకతో ఒకాయనున్నాడే, మీకేమవుతాడు బావా?"

నీతి: సొంతంగా చేర్చుకునేదాన్ని సొంత గదిలోనే పెట్టుకోవాలి, పరాయి గోడలో దాచింది గోడ మారిన రోజే పోతుంది.