ఉచిత జాతకానికి సరేనన్న రాజుగారు

రాజులూ కంప్యూటర్లూ కలిసి బతికిన కాలంలో, ఒక రాజుగారి కంప్యూటర్లోని రహస్యాలన్నీ శత్రువుకు చేరిపోతున్నాయి. రోజూ దానికి బొట్టుపెట్టి పూలు చుట్టే గవరమ్మను అనుమానించి, ఉరి తీయమన్నారు.

“చిత్తం ప్రభూ. నా ఆఖరి మనవి తెరమీద పెట్టాను. ‘సరే’ నొక్కండి చాలు.”

రాజుగారు విసుగ్గా నొక్కేశారు.

“చదివారా? సింహాసనం నాకు రాసిచ్చేశారు. మొన్న ఉచితంగా జాతకం చెబుతానన్న ప్రోగ్రాముకూ నా ఎదుటే ఇలాగే నొక్కారు. శత్రువు వేగు దాంతోనే లోపలికొచ్చాడు.”

గవరమ్మ ఆ ప్రోగ్రామును తీసిపారేసి, “ఇకమీదట చదివాకే నొక్కండి,” అని హెచ్చరించి, సింహాసనం తిరిగిచ్చే పత్రమంటూ ఇంకోటి తెరమీద పెట్టింది.

రాజుగారు ఆత్రంగా ‘సరే’ నొక్కి, “ఇంతకీ ఏం రాశావు?” అన్నారు.

“రేపట్నుంచి దీనికి బొట్టుపెట్టే పని తమరిదని,” అంది గవరమ్మ మహారాణి.