కొండకు మూడో వైపు

రండర్రా, ఇంకాస్త దగ్గరికి జరగండి. అరుగు చివర కూర్చుంటే కింద పడతారు, ఇటు రండి. పలకలు పక్కన పెట్టండి. కొండ కథ చెబుతాను.

ఒక కొండ ఉండేది. దానికి తూర్పున ఒక ఊరు, పడమర ఒక ఊరు. తూర్పువాళ్ళకి ఆ కొండ మోకాళ్ళు మడిచి కూర్చున్న ఏనుగులా కనబడేది. పడమటివాళ్ళకి ముసుగేసుకుని కూర్చున్న ముసలమ్మలా కనబడేది. వాళ్ళు దాన్ని అవ్వ అనేవాళ్ళు. వాన రాకపోతే "ఏనుగు నిద్రపోతోంది" అని అటువాళ్ళు, "అవ్వ అలిగింది" అని ఇటువాళ్ళు అనుకునేవాళ్ళు.

ఆ చుట్టుపక్కల ఒక ఆచారం ఉండేది. పురిటి స్నానం అయ్యాక బిడ్డని కొండవైపు తిప్పి, కొండ పేరు చెవిలో చెప్పి, "నిన్ను కాచేది ఇదే" అనాలి. ఆ మాట చెవిన పడితేగాని బిడ్డ ఆ ఇంటి బిడ్డ కాదు.

తూర్పు ఊరి పిల్ల ఒకతి పడమటి ఊరికి కోడలిగా వచ్చింది. వచ్చిన మర్నాడు వాకిలి ఊడుస్తూ తలెత్తి చూస్తే ఏనుగు లేదు. ఎవరో తెలియని ముసలమ్మ కూర్చుని తనవంకే చూస్తున్నట్టుంది. చీపురు పట్టుకునే ఏడ్చింది. తర్వాత్తర్వాత అలవాటు పడిందిలే అనుకున్నారు అందరూ. ఆడపిల్లని కన్నది. కొండ చూపే రోజు వచ్చింది. అప్పుడు బయటపడింది కడుపులో ఉన్నది.

"నా బిడ్డకి ఏనుగునే చూపిస్తాను."

అత్త బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "ఇక్కడ ఏనుగెక్కడుందే? మీవాళ్ళు సారెలో పెట్టి పంపారా?"

"అవ్వ మాత్రం ఎక్కడుంది? వట్టి రాళ్ళు!"

"ఏనుగని చెవిలో ఊదావా, అది నా మనవరాలు కాదు."

"అవ్వ అన్నావా, బిడ్డనెత్తుకుని మా ఊరు పోతాను. మా అన్నకి కబురు పెట్టాను. సాయంత్రానికి బండి వస్తుంది."

మగడు ఇద్దరి మధ్యా నిలబడి కాసేపు తల గోక్కున్నాడు. "కొండ మీదికే పోయి చూస్తే పోలా? దగ్గర్నుంచి చూస్తే ఏదో ఒకటి తేలిపోతుంది" అన్నాడు. చాలా తెలివైన మాట అన్నాననుకున్నాడు, పాపం.

ముగ్గురూ బిడ్డతో బయల్దేరారు. తీరా పైకి చేరేసరికి కొండ లేదు. గడ్డి ఉంది, బండలున్నాయి, గాలి ఉంది. మగడు అవ్వ ముక్కు కోసం వెతికి వెతికి ఒక బండ మీద చెయ్యేసి "ఇదే!" అన్నాడు. దాని మీద ఎండ కాచుకుంటున్న ఉడుత పారిపోయింది. కోడలు తొండం కోసం పోతే సీతాఫలం పొదలు తగిలి చీర చిరిగింది.

"ఏయ్, మా అవ్వ నెత్తి మీద నిలబడ్డావు. దిగు" అన్నాడు మగడు.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టేనని బిగబట్టుకుంది.

అప్పుడు చూసింది, అత్త దగ్గర్లో లేదు. దూరంగా దక్షిణపు అంచున ఒక్కతే నిలబడి ఉంది. కొంగు గాలికి జారినా సర్దుకోవడం లేదు. కోడలు అక్కడికి వెళ్ళింది.

"ఏం చూస్తున్నావత్తా?"

"ఏం లేదే. ఆ తాటితోపు వెనక పొగ లేస్తోంది చూడు. అది మా ఊరు."

అత్తకీ ఒక పుట్టిల్లు ఉంటుందని కోడలికి ఎన్నడూ తోచలేదు. ఆ ఇంట్లోనే, ఆ చేటతోనే పుట్టిందనుకుంది.

"మీ ఊరివాళ్ళకి కొండ ఎలా కనబడుతుంది?"

అత్త జారిన కొంగు అప్పుడు సర్దుకుంది. "బోర్లించిన పడవలా. మా అమ్మ నా చెవిలో పడవ అనే చెప్పిందట."

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అనలేదేం?"

"నన్నెవరడిగారే?"

కోడలు బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఇటు దిగుదాం పదండి" అంది.

"మన ఊరు అటు కదే!" అన్నాడు మగడు.

"తెలుసు. నీకు కాళ్ళు నొప్పులైతే అటే దిగు."

మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే అత్త ఆ దక్షిణపు దారిన మేకపిల్లలా దిగింది. కింద జొన్నచేను దాటాక ఆగి వెనక్కి తిరిగింది. చూసింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. రెండడుగులు పక్కకి జరిగి చూసింది. మొహం వాడిపోయింది.

"ఇటునుంచి కూడా అవ్వే కనబడుతోందే" అంది చిన్నగా. "నా పడవ ఏమైపోయిందే?"

"నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే కదా!" అనబోయాడు మగడు. పెళ్ళాం చూసిన చూపుకి మాట మింగేశాడు.

కోడలు ఆ వైపు నుంచి కొండని చూడటం అదే మొదటిసారి. అత్త పక్కనే నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత అత్త గడ్డం పట్టుకుని, మెల్లగా కాస్త ఎడమకి తిప్పింది.

"అవ్వేంటత్తా, పడవైతే! అదిగో, ఆ చింతచెట్టు పైన మొన. ఆ నున్నటి బండంతా అడుగు. అబ్బ, ఎంత పెద్ద పడవ!"

"ఏదీ?"

"నా వేలు వెంట చూడు. అదిగో."

అత్త చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఆఁ" అంది.

కోడలు బిడ్డని కొండవైపు తిప్పి, చెవి దగ్గర నోరు పెట్టింది. "ఇదిగో తల్లీ, మీ నాయనమ్మ పడవ. నిన్ను కాచేది ఇదే."

బిడ్డ ఆవులించింది.

సాయంత్రం అన్న బండి తోలుకొచ్చాడు. అత్త గారెలు వండింది. కోడలు అన్నకి కడుపునిండా పెట్టి, ఖాళీ బండి వెనక్కి పంపేసింది.

ఆ కోడలికి నిజంగా పడవ కనబడిందా అని అడగబోతున్నావు కదూ, చెయ్యెత్తావు. దించు. నేనా జొన్నచేను దగ్గర లేను. లేవండి, లేవండి, పొద్దు వాలింది, మీ ఇళ్ళలో చారు చల్లారిపోతోంది. పోయి తినండి. తినేటప్పుడు, వడ్డిస్తున్న మనిషిని అడగండి, వాళ్ళ ఊళ్ళో కొండ ఎలా ఉండేదో.