పైడమ్మ పందిరికి కాసిన గుమ్మడికాయ

కొబ్బరిపాడు మొత్తానికి దేవుడు ఓ బస్తాడు తెలివి పంపాడనీ, మోసేవాడు అలిసిపోయి ఆ బస్తాని తమ గుమ్మంలోనే దించేసి పోయాడనీ ఎర్రయ్య కుటుంబం గట్టి నమ్మకం. పొద్దున్నే ఒకరినొకరు మెచ్చుకుంటేగాని వాళ్ళకు కాఫీ గొంతు దిగదు.

"బుర్రంటే మా నాన్నదే బుర్ర," అనేవాడు పెద్దకొడుకు నూకరాజు.

"అదే బుర్ర అన్నయ్యకి వచ్చింది," అనేవాడు చిన్నకొడుకు సూరిబాబు.

"ఊరందరినీ వదిలేసి నన్ను కోడలిగా ఏరుకున్నప్పుడే తెలిసిపోయింది మీ తెలివి," అనేది నూకరాజు భార్య పైడమ్మ.

ఎర్రయ్య మీసం దువ్వుకుని, "ఇంత తెలివి ఒకే కప్పు కింద ఉంటే ఇల్లు తట్టుకోలేదర్రా. ఎవరో ఒకరు కాసేపు బయట కూర్చోండి," అనేవాడు. సూరిబాబు వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడు. ఇల్లు నిలబడేది.

ఊరి లెక్క మాత్రం వేరుగా ఉంది. గ్యాసు బండవాడు వచ్చి దారి అడిగితే, "ఓ, ఆ తింగరోళ్ళ ఇల్లా? ఆ సందులోకి తిరుగు," అని చెప్పేవారు. ఆ మాట పైడమ్మ చెవిన పడింది. అంతే, ఆవిడకు అన్నం సయించలేదు. మగాళ్ళు నవ్వి ఊరుకున్నారుగానీ పైడమ్మకు మాత్రం గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టే ఉండిపోయింది. ఎలాగైనా ఆ పేరు పోవాలి, ఇంటికో మంచి పేరు రావాలి. అదొక్కటే ఆవిడ కోరిక.

కొబ్బరిపాడులో తోటల సంఘం ఒకటుంది. ఏటా ఓ ఆదివారం పూట సభ్యులంతా కలిసి ఒకరి పెరడు తర్వాత ఒకరి పెరడు చూస్తూ తిరుగుతారు. ఎవరి తోట బాగుంటే వాళ్ళ గేటుకి 'మేటి తోట' అని ఆకుపచ్చ బోర్డు కడతారు. ఆ బోర్డు గేటుకి ఉంటే ఇంకెవరైనా తింగరోళ్ళ ఇల్లంటారా? మేటి తోట ఇల్లు అనాల్సిందే! పైడమ్మ పెరట్లో పందిరి వేసి బూడిద గుమ్మడి పాదు పెట్టింది.

పాదు పూసిందిగానీ కాయ నిలవడం లేదు. సంఘం అధ్యక్షురాలు హైమవతిగారు వచ్చి చూసి, "మగపువ్వునీ ఆడపువ్వునీ కలపాలమ్మా, అప్పుడే కాయ నిలుస్తుంది," అంది. ఇంకేముంది! పంతులుగారిని పిలిచారు, బాజాలు పెట్టారు, రెండు పువ్వుల్నీ దగ్గరికి చేర్చి పసుపుతాడు కట్టారు. ఆ ముడి వెయ్యడంలో పువ్వులు రెండూ ఒకదానికొకటి బాగా రాసుకున్నాయి. కాయ నిలిచింది. నిలిచి ఊరుకుందా? చంటిపిల్లాడంత అయింది, తర్వాత సూరిబాబు రెండు చేతులా ఎత్తాల్సినంత అయింది. బరువుకి తెగిపోతుందేమోనని పైడమ్మ తన పెళ్ళిచీర చింపి దానికి ఉయ్యాల కట్టింది. కాయని చూసి హైమవతిగారే ఆశ్చర్యపోయి, "ఈసారి మన తిరుగుడులో ఆఖరి తోట మీదే. ఈ కాయ ఇలాగే ఉంటే బోర్డు ఎటూ పోదు," అంది. ఆ రాత్రి పైడమ్మకు సంతోషంతో నిద్రపట్టలేదు.

ఆదివారం వచ్చింది. ముందు మిగతా తోటలు చూడాలి, తర్వాత అందరూ వీళ్ళింటికి రావాలి. "ఎవరింట్లోనూ మొక్కల్ని చేతులతో ముట్టుకోకండి," అని హైమవతిగారు ముందే చెప్పి పంపింది.

"చేతులు మన మాట వింటాయా?" అన్నాడు ఎర్రయ్య. "కట్టేసుకుంటే సరి." తుండుగుడ్డలు తెచ్చి ముగ్గురి చేతులూ వెనక్కి విరిచి కట్టేశాడు. మరి తన చేతులు ఎవరు కడతారు? ఎర్రయ్య సూరిబాబు కట్టు విప్పాడు. సూరిబాబు తండ్రి చేతులు కట్టాడు. ఇప్పుడు సూరిబాబు చేతులు ఖాళీ. నూకరాజు కట్టు విప్పితే అతను తమ్ముడికి కట్టాడు. ఇప్పుడు నూకరాజు చేతులు ఖాళీ. పైడమ్మ కట్టు విప్పితే ఆవిడ మొగుడికి కట్టింది. ఇలా ఎంతసేపు కట్టినా ఎవరో ఒకరి చేతులు మిగిలిపోతూనే ఉన్నాయి.

"మన ఇంట్లో ఒక మనిషి ఎక్కువున్నాడర్రా," అన్నాడు ఎర్రయ్య దిగులుగా. ఆఖరికి, వీళ్ళని తీసుకెళ్ళడానికొచ్చిన సంఘం వ్యాను డ్రైవరు దిగివచ్చి మిగిలిన కట్టు కట్టి, నలుగుర్నీ వ్యాన్లోకి ఎక్కించాడు.

మొదటి తోట రిటైరైన పోస్టుమాస్టరు గంగరాజుగారిది. ఆయన కుండీలో తైవాన్ జామ మొక్క పెట్టి, కాసిన మొట్టమొదటి పండుని అందరికీ చూపించాలని కోయకుండా ఉంచుకున్నాడు. జనం అటు తిరిగి ఇటు తిరిగేసరికి కొమ్మకి తొడిమ ఒక్కటే వేలాడుతోంది. సూరిబాబు బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"నా పండు ఎవరు కోశారు?" అని పోస్టుమాస్టరు గుండెలు బాదుకున్నాడు.

"కొయ్యలేదండీ," అన్నాడు సూరిబాబు నములుతూ. "నా చేతులు చూడండి, కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. నోటితోనే తిన్నాను."

"చెప్పిన మాట తు.చ. తప్పడు మా వాడు," అని ఎర్రయ్య మురిసిపోయాడు. పోస్టుమాస్టరు కోపంతో ఊగిపోతూ, "ముందు ఆ గుడ్డలు విప్పి వీళ్ళని అవతలికి పంపండి!" అన్నాడు. గుడ్డలు విప్పారు. అందరూ బయల్దేరారు.

రెండో తోట బియ్యం మిల్లు వీర్రాజుగారిది. పెద్ద ఇల్లు, వెనక పెద్ద తోట, వరండా నిండా పూలకుండీలు. ఆయన భార్య అనసూయమ్మ గుమ్మంలో నిలబడి, "రండి రండి, మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి," అంది.

నూకరాజు ఆగిపోయాడు. "మనస్ఫూర్తిగానే అంటున్నారా అమ్మగారూ?"

"అయ్యో, అదేం మాట నాయనా! అచ్చంగా మీ ఇల్లే అనుకోండి."

అంతే. నలుగురూ అనుకున్నారు.

ఎర్రయ్య చొక్కా విప్పి మందారం కొమ్మకి తగిలించి, ఉయ్యాల బల్ల మీద నడుం వాల్చి గుర్రు పెట్టాడు. సూరిబాబు పంపు విప్పి తోట మధ్యలో ఒళ్ళు రుద్దుకుంటూ స్నానం మొదలెట్టాడు. నూకరాజు వరండాలో నిలబడి, "మా ఇంటికి వచ్చినవాళ్ళని వట్టి చేతులతో పంపడం మాకు అలవాటు లేదు. మీకేది కావాలంటే ఆ కుండీ పట్టుకెళ్ళండి," అని పంచిపెట్టడం మొదలెట్టాడు. వచ్చినవాళ్ళలో కొందరు, ఎవరిదైతేనేం అని, మంచివి చూసి మరీ చంకన పెట్టుకున్నారు.

పైడమ్మ నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పులుసు రుచి చూసి, ఉప్పు చాల్లేదని ఓ గుప్పెడు వేసింది. అనసూయమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏమిటమ్మా నువ్వు చేస్తున్న పని?" అంది.

"నా వంటింట్లో నేను వండుకుంటుంటే మధ్యలో నువ్వెవరమ్మా? చెప్పులైనా విప్పకుండా వచ్చేశావు!" అంది పైడమ్మ.

వీర్రాజుగారు ఒంటికాలి మీద లేచాడు. "బయటికి నడవండి మీరంతా!"

ఎర్రయ్య ఒక కన్ను తెరిచాడు. "ఎవరింట్లోంచి ఎవర్ని పొమ్మంటున్నారండీ? మా ఇంట్లో మా మీదే కేకలా?"

గొడవ పెద్దదైపోయింది. హైమవతిగారు మధ్యలోకొచ్చి, "బాబూ, ఇంక మీ ఇల్లు అనుకోవడం ఆపెయ్యండి. ఇది వీర్రాజుగారి ఇల్లు అనుకోండి," అని బతిమాలింది.

ఎర్రయ్య కాసేపు ఆలోచించాడు. "ఉత్తపుణ్యానికి ఇంత ఇల్లు ఇచ్చెయ్యమంటారు. సరే, పెద్దవారు అడిగారు కాబట్టి కాదనలేను. తీసుకో వీర్రాజూ, బాగా చూసుకో." గేటు దాటాక సూరిబాబు కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత మంచి ఇల్లు నాన్నా! ఇట్టే దానం చేసేశావు."

"మనకింకో ఇల్లుందిగా," అంది పైడమ్మ ధైర్యంగా. "నా గుమ్మడికాయ ఉన్నది ఆ ఇంట్లోనే."

మూడోది హైమవతిగారి మిద్దె తోట. ఆవిడ మేడ మీద వంకాయలూ, టమాటాలూ, మిరపకాయలూ విరగకాశాయి. "వీటితో రోజూ మాట్లాడతానండీ, అందుకే ఇలా కాస్తాయి," అంది ఆవిడ. సూరిబాబు వెంటనే ఓ వంగమొక్క ముందు గొంతుక్కూర్చుని, "బాగున్నావా? భోంచేశావా?" అని అడిగాడు. ఎంతసేపు చూసినా జవాబు లేదు. "వంకాయకి ఎంత పొగరో చూశావా వదినా! కాసిన్ని కాయలు కాసేసరికి మనుషులు కంటికి ఆనడం లేదు," అని ముఖం ముడుచుకుని లేచాడు.

అప్పుడే హైమవతిగారు ఎవరితోనో అంటోంది. "కిందటేడు ఇలాగే ఇంతమంది వచ్చి, అబ్బ ఎంత బాగున్నాయో అన్నారు. మర్నాటికల్లా మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. దిష్టంటే దిష్టేనండీ. అందుకని ఈసారి ముందే బూడిద గుమ్మడికాయ తిప్పి గుమ్మంలో కొట్టించాను."

పైడమ్మ చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. ఇంత జనం! ఇన్ని కళ్ళు! అన్నీ కలిసి నేరుగా వచ్చి పడేది తన కాయ మీదే! "ఏమయ్యా, ఇంకా చూస్తావేం, పద పద!" అని మొగుడి చెయ్యి పట్టుకుంది. నలుగురూ దబదబా మెట్లు దిగి ఇంటివైపు పరుగు అందుకున్నారు.

"వచ్చేవాళ్ళ కళ్ళకి గంతలు కట్టేద్దాం," అన్నాడు నూకరాజు దారిలో. "అప్పుడు దిష్టి ఎలా తగుల్తుందో చూస్తాను."

"తోట చూడ్డానికొచ్చి కళ్ళకి గంతలేమిట్రా తెలివితక్కువవాడా," అన్నాడు ఎర్రయ్య. "గుమ్మడికాయ కొడితే పోయేదానికి!"

బజారుకెళ్ళారు. ఆదివారం మధ్యాహ్నం, కూరల కొట్లన్నీ మూసేసి ఉన్నాయి. ఇంటికొచ్చి పక్కింటి అప్పలనర్సమ్మని, "పిన్నీ, నీ దగ్గర బూడిద గుమ్మడికాయ ఉందా? దిష్టి తియ్యాలి," అని పైడమ్మ ఆయాసపడుతూ అడిగింది.

"మీ పందిరికి కొండంత కాయ పెట్టుకుని ఊరంతా వెతుకుతారేమిటే?" అంది అప్పలనర్సమ్మ.

నలుగురూ పందిరివైపు తిరిగారు.

"చూశారా! కాయ మనింట్లోనే ఉంది!" అన్నాడు ఎర్రయ్య. "తెలివైనవాళ్ళకి అన్నీ ఇంట్లోనే దొరుకుతాయి."

సందు చివర వ్యాను హారన్ మోగింది. ఇంకేముంది! నూకరాజు పందిరెక్కి తొడిమ కోశాడు. సూరిబాబు కాయ అందుకున్నాడు. పైడమ్మ దాని మీద కర్పూరం వెలిగించింది. అక్కడొచ్చింది చిక్కు. దిష్టి తగలకూడనిదేమో కాయకి. తిప్పాల్సిందేమో కాయని. కాయ చుట్టూ కాయని తిప్పడం ఎలా?

"ఎత్తి పట్టుకుని నువ్వే గిర్రున తిరుగు," అన్నాడు ఎర్రయ్య. "కాయా తిరుగుతుంది, కాయ చుట్టూ కాయే ఉంటుంది."

సూరిబాబు గిర్రుగిర్రున తిరిగాడు. కళ్ళు తిరిగాయి. తూలుతూ తూలుతూ గేటు దగ్గరికొచ్చి, "ఊరి దిష్టి, వాడ దిష్టి, అన్నీ పోవాలి!" అని అరిచి, ధడాలున నేలకేసి కొట్టాడు. అప్పుడే వ్యాను దిగుతున్న హైమవతిగారి పట్టుచీర మీద గింజలూ గుజ్జూ చిందాయి.

ఆవిడ చీర దులుపుకుని, ఎలాగో నవ్వు తెచ్చుకుని, "ఏదమ్మా పైడమ్మా, నీ గుమ్మడికాయ? అందరూ అదే చూడాలంటున్నారు," అంది.

"చూడండమ్మా, కళ్ళారా చూడండి! ఇప్పుడు దాన్ని ఏ కన్నూ ఏమీ చెయ్యలేదు," అని పైడమ్మ గర్వంగా అందర్నీ పందిరి కిందికి తీసుకెళ్ళింది.

పెళ్ళిచీర ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది.

పైడమ్మ అటు చూసింది, ఇటు చూసింది, ఉయ్యాల దులిపి చూసింది. సూరిబాబు తల పట్టుకున్నాడు. "అయ్యో వదినా! ఎంత పాపిష్టి కళ్ళో! మనం దిష్టి తీసేలోపే తగిలేసింది. కాయకి కాయే మాయమైపోయింది!"

పైడమ్మ నేల మీద కూలబడి భోరుమంది. అది దొంగ ఏడుపు కాదు. ఆకుపచ్చ బోర్డు పోయింది, మంచి పేరు పోయింది, రేపు గ్యాసు బండవాడికి మళ్ళీ అదే దారి చెబుతారు. వచ్చినవాళ్ళు నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కానీ హైమవతిగారికి జాలేసింది. ఆవిడ పాదంతా వెతికి, ఆకులు పక్కకి తప్పించింది.

"ఏడవకు పైడమ్మా. ఇదిగో, ఆకుల చాటున ఇంకో పిందె ఉంది. దీన్ని కడుపులో పెట్టుకుని చూసుకో. నెల తిరిగేసరికి ఆ కాయంత అవుతుంది. ఈ ఏడు బోర్డు ఎవరికీ ఇవ్వను, దాచి ఉంచుతాను. ఈ కాయ పెరిగాక నేనే వచ్చి మీ గేటుకి కడతాను. సరేనా?"

పైడమ్మ కళ్ళు తుడుచుకుంది. నిమ్మకాయంత పిందె. నూగు నూగుగా, లేత ఆకుపచ్చగా ఉంది. ఆవిడ మొహం విప్పారింది. నూకరాజు మొహం విప్పారింది. జనమంతా ముందుకు వంగి చూశారు.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంది హైమవతిగారు.

"అవును, ఎంత బాగుందో!" అన్నారు అందరూ.

పైడమ్మ మొహం పాలిపోయింది. "చూశారు! అందరూ చూసేశారు! ఈసారి ఆలస్యం చేస్తే దక్కదు!" అని పిందె పుటుక్కున తుంచి, జనాన్ని తోసుకుంటూ గేటు దగ్గరికి పరుగెత్తి, చటుక్కున నేలకేసి కొట్టింది.

కొట్టి, చేతులు దులుపుకుని, హాయిగా ఊపిరి పీల్చుకుంది. "అమ్మయ్య! దీన్ని కాపాడుకున్నాం. హైమవతమ్మగారూ, నెల తిరగ్గానే బోర్డు పట్టుకుని వచ్చెయ్యండి."