తలుపుకి అద్దం లేని ఓవెన్

బ్రదర్ టోబియాస్‌కి అనుమానం సిరప్ జాడీ దగ్గర మొదలైంది.

అమెరికాలో ఈశాన్యపు కొసన, మెయిన్ రాష్ట్రంలో, సముద్రానికి కాస్త ఎడంగా ఓ కొండ మీద చిన్న క్రైస్తవ మఠం ఉంది. అక్కడి వంటిల్లు టోబియాస్‌ది. ఆదివారం ప్రార్థన అయ్యాక చుట్టుపక్కల ఊళ్లవాళ్లందరికీ మఠంలోనే ఉదయపు ఫలహారం. ముందురోజు బెల్లప్పాకం పోసి సన్నసెగన మగ్గబెట్టిన చిక్కుడు గింజలు, ఓవెన్‌లో పొంగే వేడివేడి పాపోవర్లు, వెన్న, మేపుల్ సిరప్.

ఆ సిరప్ అంగట్లో కొన్నది కాదు. చలికాలం చివర మఠంవాళ్లే మేపుల్ చెట్లకి గాటు పెట్టి, కారిన నీళ్లు పట్టి, పొగలో కళ్లు మండుతున్నా కాచి కాచి చిక్కబరుచుకున్నది. మళ్లీ చెట్లు కారేదాకా అదే దిక్కు. ఆ జాడీలో మట్టం తగ్గిపోతోంది. తినేదానికంటే ఎక్కువ తగ్గుతోంది.

వంటింట్లోకి కొత్తగా వచ్చింది ఎమ్మెట్ ఒక్కడే.

ఎమ్మెట్ నలభై దాటినవాడు. దొంగతనం చేసి జైలుకి వెళ్లి వచ్చాడు. బయటికొచ్చాక ఎవరూ పని ఇవ్వలేదు, తలదాచుకునే చోటు లేదు. మంచు పడే రోజులు ముంచుకొస్తుంటే మఠాధిపతి ఫాదర్ ఆన్సెల్మ్ స్వయంగా వెంటబెట్టుకొచ్చి, "ఇతనికి వంట వచ్చు, నీ దగ్గర ఉంచుకో" అని టోబియాస్‌కి అప్పగించారు.

గురువుగారి మాట కాదనలేక ఉంచుకున్నాడు. ఉంచుకోవడం వేరు, నమ్మడం వేరు.

ఎమ్మెట్‌ది ఉత్తరాన సరిహద్దు దగ్గర పల్లె. అక్కడివాళ్లు బక్‌వీట్ అనే గింజల పిండితో ప్లోయ్ అని ఓ అట్టు పోసుకుంటారు. మన అట్టులాగే పైన చిల్లులు పడుతుంది. ఒకవైపే కాలుస్తారు, తిరగెయ్యరు. టోబియాస్ దాన్నీ వదల్లేదు.

"రెండోవైపు ఎందుకు కాల్చవు?"

"మా వైపు ఇంతే బ్రదర్."

"అడుగున ఏమైనా దాస్తున్నావేమో అనుకున్నాను" అని నవ్వాడు టోబియాస్. ఎమ్మెట్ నవ్వలేదు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! టోబియాస్ జాడీకి సిరప్ మట్టం దగ్గర ఓ దారం కట్టాడు. గరిటె మర్చిపోయానంటూ వంటింట్లోకి వచ్చేవాడు. ఉప్పు ఎక్కడ పెట్టానో అంటూ ఇంకోసారి వచ్చేవాడు. గిన్నెల మూతలు ఎత్తి చూసేవాడు. ఎమ్మెట్ విప్పి తగిలించిన ఏప్రన్ జేబులు తడిమేవాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి, వీడు మామూలు దొంగ కాదు అనుకున్నాడు.

ఒకరోజు భోజనాల దగ్గర అందరూ వినేట్టు, "ఈ ఏడు మన సిరప్‌కి కాళ్లొచ్చినట్టున్నాయి, తనంతట తనే నడిచి వెళ్లిపోతోంది" అన్నాడు. ఎమ్మెట్ మొహం చెవులదాకా ఎర్రబడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదా అని టోబియాస్ లోలోపల మురిసిపోయాడు. ఒకసారి జైలు చూసొచ్చిన మనిషికి ఏ గుమ్మడికాయ పోయినా భుజం అదురుతుందని అతనికి తట్టలేదు.

ఆ తర్వాత ఎమ్మెట్ చేతులు వణకడం మొదలైంది. వెనకాల అడుగుల చప్పుడైతే గరిటె జారేది. చిక్కుడు గింజలు అడుగంటాయి. ప్లోయ్‌లు రేకు మీదే చిరిగిపోయాయి. తప్పు చెయ్యనివాడి చేతులు ఎందుకు వణుకుతాయి? టోబియాస్‌కి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

శనివారం మధ్యాహ్నం ఫాదర్ ఆన్సెల్మ్ గదికి వెళ్లాడు.

"ఫాదర్, ఎమ్మెట్‌ని పంపించెయ్యండి. సిరప్ దొంగిలిస్తున్నాడు."

"తీస్తుండగా చూశావా?"

"చూళ్లేదు. కానీ కనిపెడుతూనే ఉన్నాను."

"ఎప్పట్నించి?"

"వచ్చిన రోజు నుంచీ."

ఆయన "రేపు పాపోవర్లేనా?" అని అడిగారు.

"అవును ఫాదర్."

"నేనూ వంటింట్లోకి వస్తాను."

టోబియాస్ తేలికపడ్డ మనసుతో వెనక్కి వచ్చాడు. కాపలాకి ఇంకో జత కళ్లు తోడొస్తున్నాయి.

ఆదివారం పొద్దున వంటింటి గుమ్మం పక్కన ఎమ్మెట్ గుడ్డసంచి కనిపించింది. ఎమ్మెట్ కోటు తొడుక్కుని నిలబడి ఉన్నాడు.

"ఫలహారాలు కాగానే తొమ్మిదింటి బస్సుకి వెళ్లిపోతాను ఫాదర్" అన్నాడు. "మీరు చేసిన మేలు మర్చిపోను. నా చేతులే నా మాట వినడం లేదు."

"ఎక్కడికి వెళ్తావు?" అన్నారు ఫాదర్.

"బస్సు ఎక్కడిదాకా పోతే అక్కడికి."

బయట మంచు మోకాలి లోతున పేరుకుని ఉంది. టోబియాస్‌కి జాలి కలగలేదు. ఫాదర్ దగ్గరికి జరిగి, చెవిలో, "పోయేముందు ఆ సంచి ఒకసారి విప్పించమంటారా?" అన్నాడు. ఫాదర్ విన్నట్టు లేరు. "ముందు నీ పని కానియ్యి" అన్నారు.

పాపోవర్ మన పూరీకి దూరపు చుట్టం. గుడ్లు, పాలు, మైదా, చిటికెడు ఉప్పు, అంతే. సోడా లేదు, ఈస్ట్ లేదు. జారుగా కలిపి, గుంతపొంగనాల పెనం కంటే లోతైన ఇనప అచ్చుల్లో పోసి ఓవెన్‌లోకి తోస్తారు. లోపల పుట్టిన ఆవిరికే అది అచ్చు దాటి టోపీలా పైకి లేస్తుంది. టోబియాస్ పాపోవర్లంటే పక్క ఊళ్లలో కూడా పేరు. ఆ పేరు మీద అతనికి మమకారం ఎక్కువే. పిండి పోశాడు, అచ్చులు లోపలికి తోశాడు, తలుపు మూశాడు. అది పాతకాలపు ఇనప ఓవెన్, తలుపుకి అద్దం లేదు.

ఫాదర్ ఆన్సెల్మ్ కుర్చీలోంచి లేచి వచ్చి ఓవెన్ తలుపు తెరిచారు.

"ఫాదర్!"

"ఏం లేదు. ఓసారి చూద్దామని." వంగి చూసి మూసేశారు.

కాసేపటికి ఆయన మళ్లీ లేచి తలుపు తెరిచారు. వేడి గాలి వంటింట్లోకి కొట్టింది.

"ఫాదర్, ఇప్పుడు తెరవకూడదు. వేడి పోతుంది."

"లేస్తున్నాయో లేదో తెలియద్దూ?"

"లేస్తాయి. వాటిని వదిలెయ్యాలంతే."

"నువ్వు అంటున్నావు. నాకు నమ్మకం కుదరడం లేదు."

మూసినట్టే మూసి, ఈసారి టార్చి తెచ్చి మరీ తెరిచారు. ఒక్కొక్క అచ్చు మీదా వెలుగు వేస్తూ తీరిగ్గా చూడసాగారు. టోబియాస్‌కి ఒళ్లు మండిపోయింది. గురువన్న మాట మరిచి గొంతెత్తాడు.

"అలా మాటిమాటికీ తెరిచి చూస్తుంటే ఎలా లేస్తాయి ఫాదర్?"

ఫాదర్ టార్చి ఆర్పేశారు. తలుపు మెల్లగా మూసి, వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

వేళకి టోబియాస్ అచ్చులు బయటికి లాగాడు. అన్నీ కూలిపోయి ఉన్నాయి. తడిసిన అట్టముక్కల్లా అచ్చుల అడుగునే అంటుకున్నాయి. అవతల హాల్లో జనం బల్లల దగ్గర చేరిన మాటలు వినిపిస్తున్నాయి. ఏడుపొక్కటే తక్కువ అతనికి.

ఫాదర్ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నేను అనుకుంటూనే ఉన్నాను" అన్నారు. "ఈ పిండి మంచిది కాదు. ఆ గుడ్ల మీద నాకు మొదట్నించీ అనుమానమే."

"గుడ్లు మంచివే!" అని అరిచాడు టోబియాస్. "పిండిలో ఏ లోపమూ లేదు! ఏ లోపమూ లేదు ఫాదర్, మీరే..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది.

గుమ్మం దగ్గర ఎమ్మెట్ సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. అతని చేతులు సంచి పట్టీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అయినా వణుకుతున్నాయి. ఆ చేతుల్ని టోబియాస్ ఎన్ని వారాలుగానో చూస్తున్నాడు. అవి చూసి సిగ్గుపడటం అదే మొదటిసారి.

ఫాదర్ ఆ కూలిన పాపోవర్‌ని నెమ్మదిగా నములుతున్నారు.

టోబియాస్ తన నడుముకి కట్టుకున్న ఏప్రన్ విప్పాడు. ఎమ్మెట్ దగ్గరికి వెళ్లి దాన్ని అతని చేతిలో పెట్టాడు.

"ఇంకో వాయి కావాలి" అన్నాడు. "నువ్వు కలుపు."

"నేనా? బ్రదర్, బస్సు..."

"హాల్లో జనం ఉన్నారు. వాళ్లకి చిక్కుడు గింజలు వడ్డిస్తూ ఉంటాను. పాలు కింది అరలో ఉన్నాయి." ఇంకేదో చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఓవెన్ గురించి నాలుగు జాగ్రత్తలు. అవి మింగేసి బయటికి నడిచాడు. తన వెనక వంటింటి తలుపు తనే దగ్గరికి లాగాడు.

వడ్డన అయ్యాక బల్ల చివర కూర్చున్నాడు, వంటింటికి వీపు పెట్టి. ఫాదర్ వచ్చి పక్కన కూర్చున్నారు. లోపల గిన్నె చప్పుడైంది. ఏదో కింద పడింది. టోబియాస్ సగం లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కొండ మలుపులో బస్సు హారన్ వినిపించింది. కాసేపు ఆగినట్టుంది. తర్వాత ఇంజను మోత దూరమై పోయింది. ఎమ్మెట్ ఉన్నాడో, వెనక గుమ్మం గుండా వెళ్లిపోయాడో తెలియదు. లోపల చప్పుడు లేదు.

టోబియాస్ మెడ తనంతట తనే తిరగబోయింది. బల్ల అంచు పట్టుకుని ఆపుకున్నాడు.

"ఫాదర్" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "అయితే సిరప్ తీసింది ఎవరు?"

"తెలియదు."

"మీకు తెలుసుకోవాలని లేదా?"

ఫాదర్ ఆన్సెల్మ్ కాఫీ కప్పు అతని ముందుకి జరిపారు.

"ఉంది" అన్నారు. "ముందు వాటిని లేవనీ."