పెంచలమ్మ మణికట్టు

శిష్యులు అడిగిన ప్రశ్నకు విశాలాక్షి మేడం నోటితో జవాబు చెప్పగా విన్నవాళ్ళు లేరు. ఎముకల విభాగంలో ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నారు. ఎవరేమడిగినా "ఎల్లుండి ఆపరేషన్ థియేటర్‌కి రా" అంటారు, అంతే. ఆ రోజు అడిగినవాడు నిరంజన్, పీజీ ఆఖరి సంవత్సరం.

"రెండుసార్లు ఆపరేషన్ చేసినా అతకని ఎముక మూడోసారి మాత్రం ఎందుకు అతుకుతుంది మేడం? మణికట్టు కదలకుండా బిగించేస్తే పోలా? నొప్పయినా పోతుంది."

ఆ మణికట్టు పెంచలమ్మది. నెల్లూరు బస్టాండు దగ్గర ఆమెకు పరోటా బండి ఉంది. మూడేళ్ళ కిందట వానలో జారి అరచేతి మీద పడింది. బొటనవేలి మొదట్లో జీడిపప్పంత ఎముక ఒకటుంటుంది. అది రెండు ముక్కలైంది. మొదట చూసినాయన బెణుకన్నాడు. బెణుకట, బెణుకు! ఏడాది పోయాక ఇంకో ఆసుపత్రిలో స్క్రూ వేశారు. ఆ తర్వాత మరో చోట తుంటి నుంచి ఎముక తీసి నింపారు. అతకలేదు. ఈసారీ అతక్కపోతే బిగించడమే మిగులుతుంది; బిగిస్తే ఆమె పిండి పిసకలేదు, బండి మూసుకోవాల్సిందే. నిరంజన్ ముందుగానే బిగింపుకు సంతకం పెట్టమని కాగితం పట్టుకెళ్తే ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"మూడేళ్ళుగా నొప్పితోనే పిండి పిసుకుతుండా అబ్బయ్యా. నొప్పికి నేను భయపడలా. నా చేతిని కొయ్యముక్క చేస్తానంటే మాత్రం ఒప్పుకోను. పో, ఆ పెద్ద డాక్టరమ్మను పిలుచుకురా పో!"

ఎల్లుండి రానే వచ్చింది. చేతివరకే మత్తిచ్చారు, అడ్డంగా కట్టిన గుడ్డ అవతల పెంచలమ్మ మెలకువగానే ఉంది. భుజం కింద పట్టీ బిగించి చేతికి రక్తం రాకుండా ఆపారు. మేడం ముంజేతి ఎముక చివర గోరంత ముక్క కోశారు, కానీ పూర్తిగా వేరుచెయ్యలేదు. దారమంత రక్తనాళం ఒకటి దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. ఆ నాళంతో సహా ముక్కను తిప్పి విరిగిన చోట పెట్టాలి. పెట్టేముందు మేడం "పట్టీ వదులు" అన్నారు.

వదిలారు. ముక్క సుద్దలా తెల్లగానే ఉంది. ఒక నిమిషం, మూడు నిమిషాలు. మేడం గోరువెచ్చని సెలైన్ పోసి మళ్ళీ చూస్తున్నారు.

"మేడం, బిగించే ప్లేటు తెమ్మందామా?" అన్నాడు నిరంజన్ మెల్లిగా.

"ఏందబ్బయ్యా, ప్లేటంటుండావు?" గుడ్డ వెనక నుంచి గొంతు లేచింది. "నేనాడ సంతకం పెట్టలా!"

సిస్టర్లు నవ్వాపుకోలేకపోయారు. మేడం తలెత్తలేదు. "ఎవరూ ఏ ప్లేటూ తేవడం లేదు పెంచలమ్మా, పడుకో."

ఎనిమిదో నిమిషంలో కోసిన అంచున ఎర్రటి చుక్క ఒకటి లేచింది. పక్కనే ఇంకొకటి. చూస్తుండగానే ముక్కంతా చెమర్చింది. నిరంజన్ అలవాటు కొద్దీ గాజుగుడ్డ తీసి తుడవబోయాడు. రక్తం కనిపిస్తే తుడవడమే కదా వాడు ఇన్నాళ్ళూ నేర్చింది. మేడం పటకారుతో వాడి వేళ్ళ మీద ఠపీమని ఒక్కటిచ్చారు.

"తుడవకు! ఇంతసేపూ దానికోసమే కదయ్యా నిలబడ్డాం!"

ఐదో నెలలో పెంచలమ్మ ఓపీకి వచ్చింది. ఎక్స్‌రే ఫిల్ములో విరిగిన గీత కనబడలేదు. ఆమె ఫిల్ము వంక చూడనే లేదు. అరచెయ్యి మేడం బల్లకు ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కింది. బల్ల కిర్రుమంది.

"ఇప్పుడు తే అబ్బయ్యా నీ కాగితం. పరోటా చుట్టిస్తా!"

ఆమె వెళ్ళాక కూడా నిరంజన్ చెవులు ఎర్రగానే ఉన్నాయి. "ఎంత మొండి ఎముక మేడం! రెండుసార్లు కాదని..."

మేడం ఫిల్మును కవరులో పెడుతూ అన్నారు: "దాన్నంటావేం? ఒకసారి స్క్రూ, ఇంకోసారి నెత్తురు లేని ఎండు ముక్క దాని ముందు పడేసి లేచొచ్చింది మన డాక్టర్లే కదూ."