గవరమ్మ ఊడవని మూల

అనగా అనగా, కొండ దిగువన ఒక ఊరు ఉండేదిట. ఊఁ కొడుతున్నావా? కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను మరి.

ఆ ఊరికి గవరమ్మ అని ఒక కొత్త కోడలు వచ్చింది. ఆమె పుట్టిల్లు కొండ మీద. పెళ్ళైన ఏడాదికే తల్లి పోయింది. దినాలకి వెళ్ళి తిరిగొస్తూ గవరమ్మ నగా తేలేదు, చీరా తేలేదు. వాళ్ళమ్మ కొప్పులో పెట్టుకునే పచ్చటి అడవి చేమంతి ఉంటుందే, అది మూడు మొక్కలు వేళ్ళతో సహా తవ్వి, తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఇక అమ్మంటే ఈ పువ్వే అనుకుంది, పిచ్చితల్లి.

ఒకదాన్ని పెరట్లో, బాగా మాగిన పెంటలో నాటింది. ఇంకొకదాన్ని నీళ్ళ గోలెం పక్కన పెట్టి, పొద్దునా సాయంత్రం చెంబుతో పోసింది. మూడోదానికి చోటు దొరక్క వాకిలి మూల గులకరాళ్ళలో గుచ్చి వదిలేసింది.

అప్పుడేమైంది? పెంటలోది మోచేయంత పెరిగింది. ఆకులే ఆకులు, ఒక్క మొగ్గ లేదు. గాలికి విరిగి పడింది. గోలెం దగ్గరది వేరు కుళ్ళి పోయింది. రాళ్ళలోది మాత్రం చలికాలం రాగానే ఒళ్ళంతా పూసింది. అడవిలో పుట్టినదానికి మన మర్యాదలు పడవు మరి!

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. అదీ ఎండిపోయింది. గవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ రెండోసారి పోయినట్టే అనిపించింది ఆమెకి.

మొక్కని పీకబోతుంటే, కొండచీపుర్లు అమ్మే సన్యాసమ్మ వాకిట్లోకి వచ్చింది. ఆవిడదీ గవరమ్మ పుట్టింటి ఊరే.

"పీకీకమ్మా! అది సచ్చిపోనేదు, దాని పని అయిపోనాది. గింజలు ఇక్కడే రాల్చుంటాది."

"ఇక్కడేవీ? రోజూ నేను ఊడ్చి కళ్ళాపి చల్లుతున్నాను కదా!"

"అదే మరి. కొండ మీద ఎవులు ఊడ్చినారమ్మా?"

గింజలన్నీ చీపురుతో పాటే పెంటకుప్పకి పోయాయన్నమాట. అప్పుడు సన్యాసమ్మ వెతికి వెతికి, కొమ్మకి మిగిలిన ఒక్క ఎండుపువ్వుని తుంచి, అరచేతిలో నలిపి ఆ మూలే చల్లింది. "సీపుర్లు అమ్ముకునేదాన్ని, నేనే సెప్తన్నాను. వానలు పడేదాకా ఈ మూల సీపురు పెట్టకు," అంది.

అయితే గవరమ్మ అత్తకి శుభ్రం అంటే ప్రాణం. వాకిట్లో చీమ నడిచినా గుర్తు కనబడాలి ఆవిడకి. మొదటిరోజు ఆ మూల చూసి ఊరుకుంది. రెండోరోజు గొణిగింది. మూడోరోజు అరిచింది.

"ఒలే, ఆ చెత్తేటే? నలుగురూ నవ్విపోతన్నారు!"

గవరమ్మ భయపడుతూనే చెప్పేసింది. "చెత్త కాదత్తా. అందులో మాయమ్మ పువ్వు గింజలున్నాయి. అవి కూడా పోతే నాకింకేం మిగలదు."

అత్త చరచరా లోపలికి వెళ్ళిపోయింది. ఆ నడక చూస్తే గవరమ్మకి ఇంకా భయం వేసింది.

ఆ తర్వాత నాలుగు రోజులకి గవరమ్మకి జ్వరం వచ్చింది, లేవలేని జ్వరం. తెల్లారేసరికి వాకిట్లో సరసరా చీపురు చప్పుడు. అత్త ఊడుస్తోంది! అయిపోయిందనుకుంది గవరమ్మ. గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది.

వాకిలంతా అద్దంలా ఉంది. కళ్ళాపి చల్లి ఉంది. ఆ మూల మాత్రం రాళ్ళు రాళ్ళుగానే, ఎండుటాకులు ఎండుటాకులుగానే ఉన్నాయి. అత్త గొంతుక్కూర్చుని, దాని చుట్టూ మెలికల ముగ్గు వేస్తోంది.

"ఏటలా చూస్తావు? తెలీక ఎవులైనా మీయమ్మని తొక్కీగలరని ముగ్గేసినాను. ఎల్లి తొంగో," అంది అత్త, తలెత్తకుండానే.

గవరమ్మ గడప మీదే కూలబడి గొంతెత్తి ఏడ్చింది. అత్త వద్దనలేదు. పిండి చేతులు చీరకి తుడుచుకుని వచ్చి, పక్కన కూర్చుంది.

మొలిచాయా అంటావా? మొలవకేం! మొదటి వాన పడిన పదో రోజుకి, ముగ్గు చెరిగిపోయిన చోట తొమ్మిది మొలకలు. అత్తే లెక్కపెట్టి కోడల్ని పిలిచిందిట.

కథేమో కంచికి నడిచింది,
కంటికి కునుకే కుదిరింది,
మనమేమో ఇంటికి చేరాం,
దుప్పటిలోకి దూరాం.