ఎడమచేతి అల్లిక

మా గురువుగారు వీరాచారి గారు వడ్రంగి పని చేసుకునే సంసారి. ఎవరు ఏం అడిగినా చిత్రిక పట్టడం ఆపరు. అంతా విని, కాసేపయ్యాక ఏదో ఒక పని చెబుతారు. ఆ పనే జవాబు. అర్థమైతే అయినట్టు, లేకపోతే మన ఖర్మ.

మా ఆయన పోయిన రెండేళ్లకు నేను వెళ్లి అడిగాను. "గురువుగారూ, ఆయన మొహం నాకు తిన్నగా గుర్తుకు రావడం లేదు. ఆయన మాట అసలే గుర్తు రావడం లేదు. నలభై రెండేళ్లు కాపురం చేశాను. పోయిన మనిషిని పోకుండా ఎలా పట్టుకోవాలి?"

అక్కడే కూర్చున్న దాలినాయుడు, గురువుగారి శిష్యుడే, నవ్వాడు. "బతికుండగా ఆయన్ని ఓ మాట మాట్లాడనిచ్చుంటే కదా వదినా, ఇప్పుడు గుర్తుకు రావడానికి!" అన్నాడు. ఆ నవ్వు నేను మరచిపోలేదు. వాడి మనవరాలి పెళ్లికి కూడా వెళ్లలేదు.

గురువుగారు తలెత్తకుండానే, "ఆయనది ఏం దాచుకున్నావమ్మా?" అన్నారు.

వరి కుచ్చు అని చెప్పాను. మా ఆయనకు పొలం మీదకన్నా అందులో వాలే పిట్టల మీదే ధ్యాస. ఏటా కోతలప్పుడు మంచి కంకులు ఏరి, జడలా అల్లి, పిచ్చుకల కోసం వసారా దూలానికి కట్టేవారు. ఊళ్లో అందరూ కడతారు గాని, నలుగురూ ఆగి చూసే కుచ్చు ఆయనదే. గడ్డి నా గాబులో నానబెట్టి నీళ్లు పాడుచేస్తారని నేను ఏటా తిట్టేదాన్ని. ఆయన అల్లిన ఆఖరి కుచ్చుకు మాత్రం దోమతెర గుడ్డ చుట్టాను. అయినా పిచ్చుకలు సందు వెతుక్కుని వచ్చేవి. పొద్దున లేచింది మొదలు కర్ర పట్టుకుని వాటిని తోలడమే నా పని. రెండేళ్లు తోలాను. భుజం పడిపోయింది.

"తీసుకురా" అన్నారు. మర్నాడు తీసుకెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటిది నువ్వు అల్లగలవా?" అన్నారు.

"నాకు రాదు. ఆయన నేర్పలేదు."

"నువ్వు అడిగావా?"

గురువుగారు కుచ్చును తీసుకెళ్లి నీళ్ల తొట్టిలో ముంచేశారు.

"అయ్యో, అది ఆయన చేతిది!"

"నానకపోతే విరుగుతుంది. నానాక విప్పు. ఏ పోచ ఎటు నుంచి వచ్చిందో చూసుకుంటూ విప్పు. ఒక్కటీ తెంపకు."

విప్పనంటే విప్పనని లేచి నిలబడ్డాను. అంత దూరం నడిచి వచ్చిన కాళ్లు మళ్లీ నడవలేమన్నాయి. కూర్చున్నాను.

మొదటి వరసే రాలేదు. ఎటు లాగినా ముడి బిగుసుకుపోతోంది. "ఈయన అల్లికా ఈయనలాంటిదే, చెబితే వినదు" అన్నాను. గురువుగారు ఊఁ అన్నారు. నాలుగోసారి విసుగొచ్చి చెయ్యి మార్చాను. ఎడమచేత్తో లాగేసరికి పోచ దానంతట అదే జారి వచ్చింది.

మా ఆయనది ఎడమచేతి వాటం. మా అత్తగారు చిన్నప్పుడు కొట్టి కొట్టి అన్నం ఒక్కటే కుడిచేత్తో తినిపించగలిగారు. కొడవలి, తాడు, మిగతావన్నీ ఎడమే. ఈ సంగతి ఎలా మరచిపోయాను? ఇంకో వరస విప్పితే పోచ నోట కరుచుకుని అల్లడం గుర్తొచ్చింది. అందుకే మాట ముద్దగా వచ్చేది. నేను తిడుతుంటే ఆ ముద్దమాటతోనే, "గాబు నీది, గింజలు పిట్టలవి, మధ్యలో నాదేముందే?" అనేవారు. అచ్చం అలాగే వినబడింది. నేను తల దించుకుని విప్పుతూనే ఉన్నాను.

పొద్దు వాలేసరికి నా ముందు తడిగడ్డి, అరుగంతా గింజలు. పిచ్చుకలు దిగాయి. అలవాటు కొద్దీ తోలబోయాను. భుజం లేవలేదు. పోనీ, తిననీ అనుకున్నాను.

"ఆఖరిదీ పోయింది గురువుగారూ. ఇంక నా దగ్గరేం మిగిలింది?"

ఆయన నా ఎడమచేతి వంక చూశారు. అది ఒక పోచను పట్టుకుని, నాకు తెలియకుండానే, మెలిక వేస్తోంది.

గురువుగారు మళ్లీ చిత్రిక అందుకున్నారు.

"మీ చేలో కోతలు ఎప్పుడమ్మా?"